పొగాకు బ్యారన్‌లో పైకి లేచిన మనిషి

పర్చూరు చుట్టుపక్కల ఎవరి మందు పంపు చెడిపోయినా మొహిద్దీన్ బాషా షెడ్డుకే తెచ్చేవాళ్లు. పత్తికీ మిరపకీ పురుగు మందు కొట్టే రోజుల్లో ఆయనకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఇంజను పంపైతే మూత కూడా తియ్యడు. తాడు ఒకసారి లాగమని, ఆ చప్పుడు విని, "కార్బొరేటర్లోకి నీళ్లు పొయ్యాయి, కూచో" అనేవాడు. తండ్రి బుడే సాహెబు దూది ఏకి పరుపులు కుట్టి బతికాడు. కొడుక్కి మాత్రం చిన్నప్పట్నుంచీ ఇనుమంటేనే ఇష్టం.

తొంభై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం టీ కొట్టు టీవీలో ఎప్పటిదో పాత ఒలింపిక్స్ ప్రారంభోత్సవం చూపించారు. తెల్లబట్టల మనిషొకడు వీపుకు మూడు సిలిండర్లు కట్టుకుని, చెరో చేత్తో చెరో కడ్డీ పట్టుకుని, ఆవిరి చిమ్ముకుంటూ గాల్లోకి లేచాడు. జనం మీదుగా ఎగిరి మైదానం మధ్యలో నిలువుగా దిగాడు. బాషా గ్లాసు పట్టుకుని లేచి నిలబడిపోయాడు.

"అది మన పంపేగదరా!" అన్నాడు పైకే.

పక్కనే కూర్చున్న పొగాకు రైతు రోశయ్య పగలబడి నవ్వాడు. "ఒరేయ్ బాషా, నువ్వు బాగుచేసిన పంపుతో పురుగే చావట్లా. మనిషేం లేస్తాడ్రా!"

అందరూ నవ్వారు. బాషాకు కోపం రాలేదు. ఆయనకు ఒకటే సందేహం పట్టుకుంది. ఆ సిలిండర్లలో పోసింది ఏమిటి? పెట్రోలైతే మంట కనపడాలి. మంట లేదు, పొగ లేదు, ఒట్టి ఆవిరి.

జవాబు ఆయన చిన్ననాటి స్నేహితుడు ప్రేమదాసు దగ్గర దొరికింది. ప్రేమదాసు రోజూ బస్సెక్కి చిలకలూరిపేట వెళ్లి, ఒక మిల్లులో నూలును తెల్లగా చేసే విభాగంలో పనిచేసేవాడు. మాట కంటే ముందు జాగ్రత్త పుట్టిన మనిషి. బాషా చెప్పిందంతా విని, మిల్లులో కెమిస్టు గారిని అడిగి, మర్నాడు వచ్చి చెప్పాడు.

"అది మేం నూలుకు వాడే మందేరా. హైడ్రోజన్ పెరాక్సైడు. మా దగ్గరున్నది సగానికి సగం నీళ్లు. వాళ్లు పోసేది నూటికి తొంభై పాళ్లు మందే. వెండి జల్లెడ మీదుగా పంపితే చాలంట, నిప్పు లేకుండానే మరిగిపోయి, ఆవిరీ ఆక్సిజనూ అయ్యి బయటికి తన్నుకొస్తదంట."

"ఎంతసేపు ఎగురుతాడు?"

"ఇరవయ్యొక్క సెకన్లు."

బాషా నమ్మలేదు. "అంతేనా? అంత మోసుకెళ్లి?"

"అంతే. మందు అంత తొందరగా అయిపోద్ది. కెమిస్టు గారు ఇంకో మాట కూడా చెప్పమన్నారు. ఆ తొంభై పాళ్ల మందు మనకెవరూ ఇవ్వరు, ఇచ్చినా ముట్టుకోవద్దని. చెత్త పడితే పేలిపోద్ది."

"మరి మీ మందుతో?"

ప్రేమదాసు అడ్డంగా తలూపాడు. "అది కొంచెం తంతది. మనిషిని లేపదు."

కొంచెం తంతే చాలనుకున్నాడు బాషా. కెమిస్టు గారి అనుమతితో ప్రేమదాసు ఒక డబ్బా మందు తెచ్చాడు. ఆ ఉత్సాహంలో బాషా ఎవర్నీ అడక్కుండానే అందులోంచి కొంచెం షెడ్డులో ఉన్న ఇత్తడి పంపులో పోశాడు. నిమిషం తిరక్కుండానే పంపు వేడెక్కింది. మూతి దగ్గర నురగ బుసబుసా పొంగింది. ప్రేమదాసు కేక పెట్టి, తొట్టిలో నీళ్లన్నీ దాని మీద గుమ్మరించాడు.

"ఇత్తడీ రాగీ తుప్పూ తగలకూడదురా! పోసే ముందు నన్నడగాలా వద్దా!"

బాషా వేళ్ల కొసలు సున్నంలో ముంచినట్టు తెల్లబడ్డాయి. అప్పుడే బయటి నుంచి వచ్చిన భార్య జుబేదా అవి చూసి, బొల్లి వచ్చిందని ఏడుపు మొదలుపెట్టింది. "గంటలో పోద్దమ్మా, నా చేతులు రోజూ అట్టాగే ఉంటాయి" అని ప్రేమదాసు ఊరడించాడు. గంట తర్వాత నిజంగానే పోయాయి. ఆ గంటా జుబేదా మొగుడి చెయ్యి వదల్లేదు.

జుబేదా ఊరూరా తిరిగి పాత జరీ చీరలు కొనేది. చీరాల, ఇంకొల్లు, ఎక్కడెక్కడి ఇళ్లలోనో పెట్టెల అడుగున పడి చిరిగిపోయిన పెళ్లి చీరలు తెచ్చి, అంచులు కాల్చి, వెండి తీసి అమ్మేది. వీళ్ల గొడవలో తనకు పని లేదనుకుంది గానీ, కావలసింది వెండి జల్లెడ అని తెలిశాక ఊరుకోలేకపోయింది. తాను తీసిన వెండిని కంసాలి చేత సన్నటి తీగ సాగదీయించి, వాకిట్లో కూర్చుని తనే అల్లింది. ఇరవై బిళ్లలు, ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. "కంత ఒక్కటీ పెద్దది పోలేదు, చూసుకో" అని ఇచ్చింది.

పాలకేంద్రం వాళ్లు పాత సామాను అమ్మినప్పుడు బాషా కొన్న స్టీలు ట్యాంకు ఒకటి ఉంది. ప్రేమదాసు దాన్ని మూడు రోజులు కడిగి, తనకు నమ్మకం కుదిరాకే సరేనన్నాడు. మందును గొట్టాల్లోకి నెట్టడానికి, లారీ టైర్లకు గాలి పట్టే చోట దానికి గాలి పట్టించారు. రెండు గొట్టాల్లో వెండి బిళ్లలు పేర్చి, ఆవిరి కాళ్లకు తగలకుండా వాటిని రెండు పక్కలకు దూరంగా వంచాడు బాషా. బరువంతా భుజాల మీద పడితే మనిషి నిలవలేడని, నడుం చుట్టూ వెడల్పాటి తోలు పట్టీ కుట్టించాడు.

ఆ సరంజామానంతా మిరపకాయల కాటా మీద బిగించి, గోడ చాటున నిలబడి, పొడవాటి కడ్డీతో కుళాయి తిప్పాడు. బుస్సుమని తెల్లటి ఆవిరి వచ్చింది. కాటా ముల్లు కదిలింది. ఆరు కిలోలు.

బాషా ట్యాంకుతో కలిపి డెబ్భై ఆరు కిలోలు. ఆయన మొహం వాడిపోయింది. రెండు రోజులు షెడ్డు తలుపు తియ్యలేదు. మూడో రోజు పొద్దున జుబేదా తక్కెడలో వెండి తూస్తూ, ముఖం ఎత్తకుండానే అంది.

"ఆరు కిలోలే లేపుద్దంటివి. అయితే నిన్ను ఐదు కిలోలు చేసుకుంటే పోలా?"

"తిండి మానెయ్యమంటావా?"

"ఇట్టా చూడు." ఒక సిబ్బిలో వెండి ముక్క, రెండో సిబ్బిలో తూకపు రాయి. రెండూ సమంగా నిలిచాక వెండి ఉన్న సిబ్బిని చిటికెన వేలితో కిందనుంచి తాకింది. అది తేలిగ్గా పైకి పోయింది. "ఇటు నువ్వు, అటు బస్తా. పైన కప్పీ. మీ మందు నా వేలు చేసే పని చేస్తే చాలదూ?"

బాషా ఆమె వంక చూసి, చెప్పులేసుకోకుండానే ప్రేమదాసు ఇంటికి పరిగెత్తాడు.

అంత ఎత్తైన గదంటే ఊళ్లో పొగాకు ఆకు వేలాడదీసి వేడికి ఆరబెట్టే బ్యారన్ ఒక్కటే. ఆకు కాల్చడం అయిపోయిన వేసవి అది, రెండు వేల సంవత్సరం. రోశయ్య బ్యారన్ ఖాళీగా ఉంది. ఆయన అడగ్గానే ఒప్పుకున్నాడు. "పురుగు చావని పంపుతో మనిషి లేస్తానంటే నేను చూడకుండా ఉంటానా! రా." లోపలి వాసాలు తీయించాడు, దూలానికి కప్పీ కట్టించాడు. అవతల వైపు కట్టడానికి ఇసుక తేవాలంటే, "ఇసుకెందుకు, నా మిరపకాయల బస్తా ఉందిగా" అని అదీ ఇచ్చాడు. చాలని బరువుకు మాత్రం ఇసుక మూట కట్టారు.

ఉదయం తొమ్మిదింటికి బాషా నడుం పట్టీ బిగించుకుని తాడుకు వేలాడాడు. కాళ్లకు తడి గోనెలు చుట్టారు. కళ్లకు ప్రేమదాసు మిల్లు నుంచి తెచ్చిన అద్దాలు. ఇసుక పిడికెడు తీస్తూ, పిడికెడు వేస్తూ, బాషా మునివేళ్లు మాత్రం నేలకు ఆనేదాకా సరిచేశారు. ప్రేమదాసు నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. రోశయ్య చేతి గడియారం విప్పి పట్టుకున్నాడు, జుబేదా గుమ్మంలో నిలబడింది.

"భయమేస్తే కుళాయి కట్టెయ్యరా" అన్నాడు ప్రేమదాసు.

బాషా కుళాయి తిప్పాడు.

రెండు పక్కలా ఆవిరి కిందికి కొట్టింది. చెవులు గింగుర్లెత్తాయి. ముందు ఏమీ జరగలేదు. తర్వాత మునివేళ్ల కింద నేల లేదు. ఎవరో చంకల కింద చేతులు వేసి, పసిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు, తొందరేమీ లేకుండా ఎత్తుతున్నారు. రోశయ్య తలపాగా మోకాళ్ల దగ్గరకు వచ్చింది, ఇంకా కిందికి పోయింది. ఎదురుగా గోడ మీద ఏళ్ల తరబడి పట్టిన పొగ జాడలు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. బాషాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. ఆ హోరులో తన నవ్వు తనకే వినపడలేదు.

మందు అయిపోయింది. ఆవిరి సన్నబడింది. తాడు కిర్రుమంటూ ఆయన మెల్లగా కిందికి వచ్చి నేల మీద నిలబడ్డాడు.

"పదకొండు సెకన్లు!" అని అరిచాడు రోశయ్య. మరుక్షణం తుమ్మాడు. నేల మీద పొగాకు దుమ్మూ, బస్తా నుంచి రాలిన మిరప గింజలూ ఆవిరికి లేచి గది నిండా కమ్మేశాయి. నలుగురూ తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ బయటపడ్డారు. ఆ కన్నీళ్లలో దుమ్ముకు వచ్చినవెన్నో, సంతోషానికి వచ్చినవెన్నో బాషాకే తెలుసు.

దుమ్ము సర్దుకున్నాక జుబేదా చీర కుచ్చెళ్లు దోపుకుంది. "ఇంకోసారికి మందుందా?"

"ఉందమ్మా" అన్నాడు ప్రేమదాసు.

"అయితే ఆ పట్టీ నాకు కట్టండి. వెండి నాది."

బాషా పట్టీకి కొత్త కంత పొడిచి, తన చేతుల్తోనే బిగించాడు. ఆమెకు తగ్గట్టు ఇసుక తీశారు. ఆమె పైకి పోతున్నంతసేపూ ఆయన కింద తలెత్తి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆమె మాత్రం కిందికి చూడనే లేదు.

డబ్బాలో మందు అంతటితో సరి. మళ్లీ తెమ్మని బాషా అడగలేదు. వెండి బిళ్లలు జుబేదా కరిగించి అమ్మేసింది. ఆ నడుం పట్టీ మాత్రం రోశయ్య కళ్లబడి, మందు పంపుకు అలాంటిదే కుట్టివ్వమన్నాడు. ఆ పంట కాలంలో పత్తికి మందు కొట్టే కూలీలు మరో నలభై కుట్టించుకున్నారు. సాయంత్రానికి భుజాలు వాయడం లేదని చెప్పుకుంటే బాషాకు కడుపు నిండినట్టుండేది. రెండు వేల ఏడు నాటికి ఆయన షెడ్డులో పంపుల కంటే పట్టీలే ఎక్కువ వేలాడేవి.

ఎంత ఎత్తు లేచావని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "తొమ్మిదడుగులు" అంటాడు బాషా. లోపల్నుంచి జుబేదా, "ఆయన ఎనిమిదే. తొమ్మిది లేచింది నేను" అంటుంది. రోశయ్యను సాక్ష్యం పిలిస్తే, తను ఆ రెండోసారి తుమ్ముతూ ఉన్నానని తప్పించుకుంటాడు.