సింగపూర్ కాదనలేదు

సింగపూర్ ప్రభుత్వం నాకు వీసా నిరాకరించిందని ఏడు నెలలపాటు నమ్మాను. బాపట్లలో అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. తల ఎత్తుకునే చెప్పాను. కాదన్నది ఒక దేశం కాబట్టి అందులో నామోషీ ఏమీ లేదనుకున్నాను. కాదన్నది నా స్నేహితుడని తెలిశాక మాత్రం ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఇద్దరిదీ రేపల్లె దగ్గర ఒకే ఊరు. ఆ ఊరి పొలాల్లో పెద్ద భాగం ఒకప్పుడు మా ఇంటిది. తాతగారు సంపాదించినదాన్లో సగం మా నాన్నగారి హయాంలో కోర్టుల పాలైంది. మిగతా సగం ఎన్నికల్లో పోయింది. నా చేతికి వచ్చేసరికి ఇంటిపేరు తప్ప ఏమీ లేదు. నా స్నేహితుడి తండ్రి మా కళ్ళంలో ధాన్యం కొలిచిన మనిషి. మేమిద్దరం బాపట్లలో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదివాం. ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నాం. తర్వాత వాడు రేపల్లెలో ఒక బియ్యం మిల్లు అద్దెకు తీసుకుని నడిపి, చివరికి దాన్నే కొనుక్కున్నాడు. నేను బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. బంధువులు అడిగితే "కాలేజీలో పనిచేస్తున్నాను" అనేవాణ్ణి. పాఠాలు చెబుతాననుకునేవాళ్ళు. అనుకోనిచ్చేవాణ్ణి.

రెండు వేల దశకం చివర్లో ఒకరోజు వాడు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, సింగపూర్ పోదాం రా. మనిద్దరం, ఆడాళ్ళిద్దరూ. ఎంతకాలం ఈ ఊక దుమ్ములో చస్తాను?"

"మా ఖర్చు మేం పెట్టుకుంటాం. అలాగైతేనే," అన్నాను.

"పెట్టుకో నాయనా, ఎవడొద్దన్నాడు! నీ ఖర్చు నేను పెడితే మా నాన్న పైనుంచి దిగొచ్చి నన్ను తంతాడు," అని నవ్వాడు.

ఆ పిలుపు నాకెంత విలువైనదో చెప్పాలి. ఊళ్ళో నాకు నమస్కారం పెట్టేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. ఆ నమస్కారాలు మా తాతగారికి చెందినవి. మాతో కలిసి రమ్మని, నాలుగు రోజులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తిందామని పిలిచినవాడు వాడొక్కడే. పైగా నా భార్య. మా పెళ్ళినాటికి మా ఇంట్లో నగలూ లేవు, పనిమనుషులూ లేరు. ఆమె దేన్నీ అడగలేదు. సింగపూర్ మాట చెప్పినప్పుడు మాత్రం, "నిజంగానా అండీ?" అని రెండుసార్లు అడిగింది. ఈ ప్రయాణం జరిగి తీరాలని అప్పుడే అనుకున్నాను. ఉన్న సెలవులన్నీ దాచాను. పాస్‌పోర్టులు చేయించాను. వీధిలో నలుగురికీ చెప్పాను కూడా.

బాపట్ల నుంచి మేం, రేపల్లె నుంచి వాళ్ళు, మధ్యలో తెనాలిలో కలుసుకున్నాం. స్టేషన్‌కి దగ్గర్లో ఒక మేడ మీద ట్రావెల్ ఏజెంటు గది ఉండేది. ఆయన ముస్లిం పెద్దమనిషి. ఎక్కువగా హజ్ యాత్రికుల్నీ, గల్ఫ్‌కి పోయేవాళ్ళనీ పంపేవాడు. హైదరాబాదులోని ఒక పెద్ద ఏజెంటు తరఫున సింగపూర్ వీసాలు ఇంటర్నెట్‌లో పెట్టడం అప్పుడప్పుడే మొదలుపెట్టాడు. కంప్యూటర్ మీద లేసు గుడ్డ కప్పి ఉంచేవాడు. మేం రాగానే దాన్ని తీసి, మడతపెట్టి, పక్కన పెట్టాడు.

"పాస్‌పోర్టులో ముద్ర వేస్తారు కదండీ?" అని నా భార్య అడిగింది.

"ఇప్పుడు ముద్రల్లేవమ్మా. ఇక్కణ్ణుంచి పంపిస్తాం, అక్కణ్ణుంచి కాగితం వస్తుంది. నేనే ప్రింటు తీసిస్తాను. ఫోటోలో చెవులు కనబడాలి, వెనకాల తెల్లగా ఉండాలి. అంతే."

"చెవులెందుకయ్యా? మేం మాట వింటామో లేదో చూస్తారా?" అన్నాడు నా స్నేహితుడు. ఏజెంటు కూడా నవ్వాడు.

కంప్యూటర్‌లో ఎక్కించేముందు వివరాలన్నీ కాగితం మీద రాసిమ్మన్నాడు. పేరు, పుట్టిన తేదీ రాసి, వృత్తి అన్న గడి దగ్గరికి వచ్చాను. 'ల్యాండ్‌లార్డ్' అని రాశాను.

ఆలోచించి రాసింది కాదు. మా ఇంట్లో ఏ కాగితంలోనైనా ఆ గడిలో రాసేది అదే. మా తాతగారు రాశారు, మా నాన్నగారు రాశారు. బ్యాంకులోనూ, పిల్లల బడి దరఖాస్తుల్లోనూ నేనూ అదే రాశాను. ఎవరూ ఎప్పుడూ రుజువు అడగలేదు. ఆ ప్రాంతంలో మా ఇంటిపేరు విని రుజువు అడిగేవాళ్ళు లేరు.

ఏజెంటు చదివాడు. "మంచిది సార్. పొలం పాస్‌బుక్కు జిరాక్సు ఒకటి ఇస్తే సరిపోద్ది. ఉద్యోగం అయితే ఆఫీసు లెటరు అడుగుతారు, వ్యాపారం అయితే లైసెన్సు, వ్యవసాయం అయితే పాస్‌బుక్కు."

నాకు పాస్‌బుక్కు లేదు. పొలమే లేదు. "పంపిస్తాను," అన్నాను.

పక్కనే ఉన్న నా స్నేహితుడు ఆ మాట విన్నాడు. నేను రాసింది చూశాడు. మా పొలంలో ఆఖరి ముక్క ఎవరు కొన్నారో, ఏ ఏడు కొన్నారో వాడికి నాకంటే బాగా తెలుసు.

"ఏంటండీ మీరు, వాళ్ళింటివాళ్ళని పాస్‌బుక్కు అడుగుతున్నారు! వాళ్ళ తాతగారు గట్టు మీద నిలబడితే కాలవ కూడా అడిగి పారేది," అన్నాడు. నావైపు తిరిగి, "నువ్వేం కంగారుపడకు. మిగతావి నేను చూసుకుంటాను," అన్నాడు.

నేను ఊరుకున్నాను. వాడు చూసుకుంటానన్నాడు. అది చాలనుకున్నాను.

ఇరవై రోజుల తర్వాత వాడి ఫోన్ వచ్చింది. గొంతు మామూలుగా లేదు.

"ఒరేయ్, మా ఇద్దరివీ వచ్చినయ్యిరా. మీ ఇద్దరివీ రిజెక్టయినాయంట."

"ఎందుకంట?"

"కారణం చెప్పరంటరా. వాళ్ళిష్టం. మేం కూడా మానేద్దామనుకుంటున్నాం."

"మీరెందుకు మానడం? వెళ్ళిరండి," అన్నాను. వాడు రెండు మూడుసార్లు వద్దన్నాడు. నేనే పట్టుబట్టి ఒప్పించాను. ఇప్పుడు తల్చుకుంటే అదే ఎక్కువ మండుతుంది.

వాళ్ళు చెన్నై వెళ్ళి విమానం ఎక్కాలి. చెన్నై రైలు బాపట్లలో రెండు నిమిషాలు ఆగేది. నా భార్య తెల్లారే లేచి పులిహోర కలిపింది, పెరుగన్నం విడిగా డబ్బాలో పెట్టింది. ఇద్దరం ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి అందించాం. వాడి భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మమ్మల్ని వదిలి వెళ్తున్నందుకు అనుకున్నాను. వాడు డబ్బా మూత సరిగా ఉందో లేదో చూస్తూ కూర్చున్నాడు. రైలు కదిలేదాకా తలెత్తలేదు.

తిరిగొచ్చి తలనొప్పి నూనె సీసాలు, ఒక మడత గొడుగు పంపాడు. వీధిలో అడిగినవాళ్ళకి, "మాకు రాలేదండి, ఆ దేశం పద్ధతి అంతే, కారణం చెప్పరు," అని చెప్పుకున్నాం. నా భార్య నాకంటే ముందే చెప్పేసేది, నేను చెప్పాల్సిన అవసరం లేకుండా.

ఏడో నెలలో ఆమే అంది: "ఒకసారి కాదంటే మళ్ళీ పెట్టకూడదా అండీ? ఒక్కసారి కనుక్కోకూడదూ?"

కాలేజీకి సెలవు పెట్టి ఒక్కణ్ణే తెనాలి వెళ్ళాను. ఏజెంటు నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. మళ్ళీ దరఖాస్తు పెట్టాలంటే పాత దాని నంబరు కావాలా అని అడిగాను. ఆయన కంప్యూటర్ మీద గుడ్డ తీయడానికి వెళ్ళి, తీయకుండానే ఆగిపోయాడు.

"సార్, మీకు ఆయన చెప్పలేదాండీ?"

"ఏం చెప్పాలి?"

"మీవి పంపలేదండి. పంపినవి రెండే. వాళ్ళవి."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన ఒక పుస్తకం తెరిచి చూపించాడు. పంపిన ప్రతి దరఖాస్తుకీ ఒక నంబరు వస్తుంది. ఆ వారంలో రెండే నంబర్లు ఉన్నాయి. మా కాగితాలు, మా ఫోటోలు ఒక కవరులో అలాగే ఉన్నాయి. నా భార్య చెవులు కనబడేలా జుట్టు వెనక్కి దువ్వుకుని దిగిన ఫోటో.

"నలుగురివీ కలిపి పెడితే, ఒకరి కాగితాలు సరిగ్గా లేకపోతే మిగతావాళ్ళ మీద కూడా అనుమానం వస్తదేమోనని ఆయన భయమండి. రాదని చెప్పాను, వినలేదు. విడిగా పెడదామన్నాను. పాస్‌బుక్కు అడుగుదామన్నాను. 'ఆయన్ని అడగొద్దు, ఆపేయండి' అన్నారు. నేను మీకు ఫోన్ చేస్తానన్నాను, వద్దన్నారు. తప్పు నాది కూడా ఉందండి."

తప్పు ఆయనది కాదని చెప్పి, కవరు అక్కడే ఉంచి లేచాను. మధ్యాహ్నం రేపల్లె పాసింజరు ఎక్కాను.

మిల్లులో వాడు బస్తాల పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, "ఏంట్రా, చెప్పాపెట్టకుండా!" అని నవ్వబోయాడు. నా ముఖం చూసి మానేశాడు.

"తెనాలి నుంచి వస్తున్నాను," అన్నాను.

వాడు పనివాళ్ళని బయటికి పొమ్మన్నాడు.

"నేనేం చెయ్యాలి చెప్పు," అన్నాడు. "నువ్వేమో అట్టా రాసి కూర్చున్నావు. నీ ముఖం మీద 'నీకు పొలం లేదురా' అనమంటావా? మా నాన్న మీ అరుగు ఎక్కి మాట్లాడి ఎరగడు. నా నోటెంట ఆ మాట ఎట్టా వస్తది?"

"నాకు వీసా రాలేదన్న మాట ఎలా వచ్చింది?"

"వాళ్ళు కాదన్నారంటే నీకు చిన్నతనం ఉండదనుకున్నా. నేనన్నానంటే ఉంటది."

"పులిహోర తీసుకునేటప్పుడైనా చెప్పలేకపోయావా?"

మిల్లు వెనకే ఉన్న ఇంట్లోంచి వాడి భార్య మజ్జిగ తెచ్చింది. "నేను వద్దంటానే ఉన్నానండి అన్నయ్యగారూ. రైల్లో కూడా చెప్పమన్నాను. ఆ అన్నం నాకు గొంతు దిగలేదు," అంది. అంటే ఆమెకీ తెలుసు. ఏజెంటుకి తెలుసు. తెలియంది నాకూ నా భార్యకూ మాత్రమే.

గడిలో నేను రాసింది అబద్ధమే. ఒప్పుకుంటాను. దాన్ని అబద్ధమని నాతో అనే హక్కు లోకంలో ఒక్కడికే ఇచ్చాను. "కొట్టెయ్‌రా, గుమాస్తా అని రాయి" అని వాడు ఆ మేడ మీదే అని ఉంటే, రెండు రోజులు ముఖం మాడ్చుకుని, మూడో రోజు రాసేవాణ్ణి. వాడు నన్ను స్నేహితుణ్ణిగా పిలిచి, అవసరం పడేసరికి దొరగారి మనవణ్ణి చేసి, అరుగు కింద నిలబడ్డాడు. ఆ గౌరవం పేరుతో నన్ను ఏడు నెలలు ఊరంతా అబద్ధం చెప్పుకుని తిరగనిచ్చాడు. నా భార్య చేత కూడా చెప్పించాడు.

మజ్జిగ తాగకుండా వచ్చేశాను. అలా ఒకరింట్లో పెట్టింది ముట్టకుండా రావడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, సింగపూర్ వెళ్ళడానికి సెలవు, ఉద్యోగం వివరాలతో ఉత్తరం కావాలని అడిగాను. "గుమాస్తా అని రాయమంటారా, ఆఫీసు సహాయకుడనా?" అన్నాడాయన, నా మర్యాద కోసం. "గుమాస్తా అనే రాయండి," అన్నాను. తెనాలిలో కొత్త కాగితం తీసుకుని నా చేత్తో నేనే నింపాను. ఆ గడి దగ్గర చెయ్యి ఆగింది. రాశాను. ఏజెంటు చదివి, నా ముందే కంప్యూటర్‌లో ఎక్కించి, నంబరు ఒక చీటీ మీద రాసిచ్చాడు.

నాలుగో రోజున వీసాలు వచ్చాయి. రెండు మామూలు తెల్ల కాగితాలు. నా భార్య వాటిని ఎండకి పట్టుకుని చూసింది, ముద్ర ఏమైనా కనబడుతుందేమోనని.

"ఆ అన్నయ్యగారికి చెబుతారా?" అని అడిగింది.

"వద్దు."

వెళ్ళాం. నాలుగు రోజులు తిరిగాం. ఆమె ఎక్కడ బల్ల కనబడితే అక్కడ కూర్చుని సముద్రంలో ఓడల్ని చూసింది. నేను సంతోషంగానే ఉన్నాను. ఐతే ప్రతి చోటా, "ఇక్కడ వాడైతే ఏమనేవాడు?" అన్న ఆలోచన వచ్చేది. దాన్ని ఆపుకోవడం నా చేతిలో లేకపోయింది.

తిరిగొచ్చిన వారానికి ఫోన్ చేశాడు. ఏజెంటు చెప్పాడో, ఎవరు చెప్పారో.

"వెళ్ళొచ్చారంటగా. ఎట్టా ఉందిరా?"

"బాగుందండి," అన్నాను.

అవతల మిల్లు తిరుగుతున్న మోత మాత్రం వినబడుతోంది.

"సంతోషమండి," అన్నాడు.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, చావుల్లో కలుస్తుంటాం. వాడు నాకు కుర్చీ చూపిస్తాడు. నేను వాడి మిల్లు ఎలా ఉందని అడుగుతాను. ఇద్దరం ఒకరినొకరు 'అండి' అనుకుంటాం.