కూర్చోమని చెప్పిన రోజు

పటమటలోని ఒక చీరల షోరూములో నేను హెచ్ఆర్ చూసేదాన్ని. నెలనెలా పుట్టినరోజులకు కేకు కోయిస్తే ఉద్యోగులు సంతోషంగా ఉన్నట్టే అనుకునేదాన్ని. సేల్స్‌లో ఉన్న ఆడవాళ్లు మాత్రం పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడే ఉండేవాళ్లు. వాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని లేబర్ ఆఫీసు నుంచి వచ్చినాయన గట్టిగా చెప్పి వెళ్లాడు. మర్నాడే కౌంటర్ల వెనక పన్నెండు స్టూళ్లు వేయించి, ఫొటోలు తీసి ఫైల్లో పెట్టాను.

వారం గడిచినా ఒక్కరూ కూర్చోలేదు. స్టూళ్ల మీద చీరల కట్టలు పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"మీ కోసమే కదా తెప్పించింది! కస్టమర్లు లేనప్పుడు కాసేపు కూర్చుంటే మీ సొమ్మేం పోతుంది?" అని అరిచాను.

అందరిలోకీ పాతావిడ, మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దావిడ, నెమ్మదిగా అంది. "మీరు నిలబడి మమ్మల్ని కూర్చోమంటే ఎట్లా కూర్చుంటామండీ?"

సిగ్గేసింది. ఒక స్టూలు మీది కట్ట తీసి పక్కన పెట్టి, ముందు నేనే కూర్చున్నాను. ఆవిడ నా పక్కన కూర్చుంది. ఒక్కొక్కరుగా మిగతావాళ్లూ కూర్చుని కాళ్లు చాపుకున్నారు. కేకులు కోసిన ఏ రోజూ వాళ్ల ముఖాలు అంత తేటగా లేవు. నాకు భలే గర్వమేసింది.

అప్పుడే ఓనరు గారు లోపలికొచ్చారు. మంచి మనిషి. మమ్మల్ని చూసి, "కూర్చోండమ్మా, కూర్చోండి" అన్నారు.

అప్పటికే అందరం లేచి నిలబడ్డాం. అందరికంటే ముందు లేచింది నేను.