మారోన్ కుక్కల జాడ

మా దీవిలో మోకా కొండ వెనక దుప్పులను పెంచే అడవి ఒకటి ఉండేది. దాన్ని మేమంతా సాసే అనేవాళ్ళం. చలికాలం రాగానే దొరలు తుపాకులతో దిగి ఆ దుప్పులను వేటాడేవారు. మిగతా ఏడాదంతా వాటికి ఏమీ కాకుండా చూడటం కావలివాళ్ళ పని. నా పెనిమిటి అక్కడ కావలి. ఎస్టేటువాళ్ళు ఇచ్చిన రేకుల ఇల్లు అడవికి కింది చివర, వాగు పక్కన ఉండేది. అందులో ఆయన, నేను, మా అత్త. పిల్లలు మాకు నిలవలేదు.

పెద్ద తుపాను వచ్చిన ఏడు, కొండ కింద చెరకు కూలీల కేంపులో గడ్డి ఇళ్ళన్నీ ఎగిరిపోయాయి. మనుషులను బండ్లెక్కించి ఎక్కడో సిమెంటు ఇళ్ళలో పెట్టారు. కుక్కలను ఎవరు ఎక్కించుకుంటారు. అవి కొన్నాళ్ళు ఇళ్ళుండిన చోటే తిరిగాయి, ఎవరూ రాకపోయేసరికి అడవెక్కాయి. వాటికి పుట్టిన పిల్లలకు మనిషి చెయ్యి ఎలా ఉంటుందో తెలియదు. మా దేశంలో మనిషిని వదిలి అడవి పట్టినదాన్ని మారోన్ అంటారు. అలా అవి మారోన్ కుక్కలయ్యాయి.

స్వాతంత్ర్యం రావడానికి కొన్నేళ్ళ ముందు సంగతి చెబుతున్నాను. ఆ ఏడు దుప్పిపిల్లలు ఒకటి తరువాత ఒకటి చీలిపోయి కనిపించాయి. సాసే చూసుకునే దొర మా గుమ్మం ముందు జీపు ఆపాడు. ఆయనను మిస్యే అనేవాళ్ళం. బండి దిగకుండానే అన్నాడు, వేట మొదలయ్యేలోగా ఆ కుక్కలు ఎక్కడ పడుకుంటున్నాయో కనిపెట్టాలని, నీకు చేతకాకపోతే కుర్రవాళ్ళున్నారని.

నా పెనిమిటి "వీ మిస్యే" అన్నాడు, అలాగే దొరా అని. జీపు వెళ్ళిన తరువాత గుమ్మం మీద కూర్చుని అరచేతులు మోకాళ్ళకు రుద్దుకుంటూ ఉండిపోయాడు. ఎందుకో నాకు తెలుసు. ఆయనకు చూపు పోతోంది. లాంతరులో కిరసనాయిలు పోయబోయి పక్కన పోస్తున్నప్పుడే నాకు తెలిసిపోయింది. అడిగితే కసురుకున్నాడు. దొరకు తెలిస్తే ఉద్యోగమూ ఇల్లూ ఒక్కనాడే పోతాయి. అత్తకు తెలియకూడదని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే కొడవలి, గోనెసంచి తీసుకుని ఆయన వెనకే బయలుదేరాను. మేకకు గడ్డి కోసుకునే ఆడది అడవిలో కనిపిస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ఆయన నిలబడేవాడు, నేను వంగేదాన్ని.

"గోళ్ళు దిగబడ్డాయా?"

"దిగబడ్డాయి."

"ముందర కాలు, వెనక కాలు ఒకేచోట పడ్డాయా, ఎడంగా ఉన్నాయా?"

"ఎడంగా. బురద వెనక్కి చిమ్మింది."

"అయితే పరిగెట్టింది. ఏమే, ఇన్నాళ్ళూ పప్పులో రాళ్ళేరడమే వచ్చు అనుకున్నాను నీకు."

"మీ అమ్మ నేర్పింది అదొక్కటే మరి," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నెలల్లో ఆయన నవ్వింది అంతే.

చిట్టిజామ పొదల్లో కూర్చుని ఆ కుక్కలను చూశాను. చూసింది చూసినట్టు ఆయన చెవిలో చెప్పాను. వాటికి పెద్ద ఒక ఎర్రకుక్క, ఆడది, ఒక చెవి చీలిపోయి, చన్నులు పాలతో వేలాడుతూ ఉండేది. అది లేస్తే మిగతావి లేచేవి. తరిమేది ఒకటే. మిగతావి రాతిగోడ కూలిన చోట పడుకుని ఉండేవి, దుప్పి తనంతట తానే వాటి మీదికి వచ్చేది. గుంపులో రొమ్ము తెల్లగా ఉన్న కుంటిది ఒకటుండేది. అది వచ్చి ముట్టేదాకా ఎర్రది తినేది కాదు, దాన్ని తిననిచ్చి తరువాత తాను మూతి పెట్టేది.

అన్నీ తెలిశాయి కానీ పడుకునే చోటు తెలియలేదు. ఎర్రదాని జాడ ఎప్పుడూ కిందికి, మా ఇంటివైపే వచ్చేది. వాగు రాళ్ళ దగ్గర మాయమయ్యేది.

"పాలిచ్చే కుక్క మనుషులవైపు వస్తుందా? నువ్వు సరిగా చూళ్ళేదు," అనేవాడు ఆయన. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టేవాళ్ళం. కాళ్ళు పుళ్ళు పడ్డాయి. వేట దగ్గరకొచ్చింది. మిస్యే జీపు ఆపకుండా, ఊరికే నెమ్మది చేసి, మమ్మల్ని చూసి వెళ్ళేవాడు.

వాగు అవతల, విసనకర్రలా ఆకులు విప్పుకునే రావెనాల్ చెట్ల కింద మా అమ్మోరి రాయి ఉంది. చెరకు పనికి పడవెక్కి వచ్చిన పెద్దలు నిలిపిన రాయి అని మా అత్త చెప్పేది. శుక్రవారం శుక్రవారం అత్త అరిటాకులో పెరుగన్నం, పప్పు, ఒక్కోసారి కోడి తలకాయ పట్టుకెళ్ళి అక్కడ పెట్టి, నీళ్ళు చిలకరించి వచ్చేసేది. పెట్టిన తరువాత వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే అమ్మోరు ముట్టదు. ఆకు పెట్టడానికి తప్ప మా ఇంట్లో ఎవరమూ ఆ గట్టు తొక్కం. అంత అడవిలో మేం వెతకని చోటు అదొక్కటే. వెతకాలని తోచలేదు కూడా.

ఒక శుక్రవారం అత్తకు మోకాలు వాచింది. నన్ను పిలిచి ఆకు చేతికిచ్చింది.

"ఒలే, జాగరత. ఇది మొక్కు ఆకు. పోయిన వారంది నాకినట్టు శుభ్రంగా ఉంది చూశావా? అమ్మోరు తీసుకుంటంది. ఆడి కళ్ళు ఆడికి తిరిగిచ్చేస్తది."

నేను గుడ్లప్పగించి చూశాను. "నీకెవరు చెప్పారత్తా?"

"నా కొడుకు ఎటు చూస్తన్నాడో నాకొకరు చెప్పాలేటి? నువ్వేం ఆడితో అనకు. ఎల్లు."

ఆకు పెట్టాను. నీళ్ళు చిలకరించాను. దారి మలుపుదాకా తల తిప్పకుండానే వచ్చాను. అక్కడ పిల్లకుక్కల కూత వినబడింది, సన్నగా, ఆకలి కూత. తిరిగి చూశాను. చెవి చీలిన ఎర్రది రాయి మీద కాళ్ళు పెట్టి ఆకు నాకుతోంది. అంతా తిని, రాయి వెనక బొరియ ముందుకు వెళ్ళి కక్కింది. పిల్లలు బయటికి దొర్లుకుంటూ వచ్చి ఆ మెతుకుల మీద పడ్డాయి. మా బియ్యమే. పొద్దున నేను కడిగిన బియ్యం.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. "ఆకు తినేది కుక్కని అమ్మకి తెలిసిపోతాది," అన్నాడు. మళ్ళీ తనే, "ఇల్లు పోతే అమ్మని ఎక్కడ పెడతాను," అన్నాడు. ఆ సాయంత్రం ఆయనకు ఆ చోటంతా నోటితో నేర్పాను. వాగు దాటగానే మూడు రావెనాల్ చెట్లు, నడిమిదాని కింద రాయి, రాయికి ఎడమ పక్క పొద, పొద వెనక బొరియ. పాఠం చెప్పించుకునే పిల్లవాడిలా తిరిగి అప్పజెప్పాడు.

మిస్యే ఇద్దరు తుపాకివాళ్ళతో వచ్చాడు. నేను ఇవతలి గట్టున గోనె పరుచుకుని గడ్డి కోస్తున్నాను. ఆయన తడబడకుండా ముందు నడిచి, చెయ్యి చాపి పొద చూపించాడు. తుపాకులు పేలాయి. కుంటిది మొదట పడింది. మిగతావాటి గురించి చెప్పను. మిస్యే ఆయన భుజం తట్టాడు. అంతలో బయటినుంచి ఎర్రది వచ్చింది. పారిపోలేదు. రాయి పక్కన ఖాళీ నేల మీద నిలబడి బొరియవైపు చూస్తోంది. మిస్యే తన తుపాకి నా పెనిమిటి చేతిలో పెట్టి, ఇది నీది, నువ్వు కొట్టు అన్నాడు. మర్యాద చేద్దామనే ఇచ్చాడు పాపం.

ఆయన తుపాకి ఎత్తాడు. పొదకు గురిపెట్టాడు. కుక్క ఆయనకు కుడిచేతివైపు పది అడుగుల్లో ఉంది. తుపాకివాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. నేను కొడవలి పట్టుకుని నిలబడిపోయాను. అరిచి చెబితే అంతా బయటపడుతుంది, చెప్పకపోయినా బయటపడుతుంది.

"కోత్ లి ఎతే?" అన్నాడాయన. ఎక్కడుంది అని.

తుపాకివాళ్ళు మిస్యే ముఖం చూశారు. ఆ కాసేపటిలో ఎర్రది కొండవైపు వెళ్ళిపోయింది. మిస్యే తుపాకిని ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు. తిట్టలేదు. వేట అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నాడు, ఆ తరువాత ఖాళీ చెయ్యమన్నాడు.

అత్త తుపాకుల చప్పుడు ఏ వైపునుంచి వచ్చిందో విన్నది. నన్ను ఒక్కటే అడిగింది.

"ఎనక్కి చూశావా?"

"చూశానత్తా."

అంతే. ఆ తరువాత ఆమె బతికినన్నాళ్ళూ కొడుకు కళ్ళు పోయింది నా చూపు వల్లే అని నమ్మింది. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. కానీ ఆమె నా చేతి నీళ్ళు తాగడానికి చాలాకాలం పట్టింది.

కాత్ర్ బోర్న్ పట్నంలో మా ఆడపడుచు ఇంటి వెనక గదిలో చేరాం. రోజ్ హిల్ కంటి డాక్టరు ఆలస్యమైంది అన్నాడు. నేను బజారులో ఆకుకూరలు అమ్మేదాన్ని. ఆయన నా వెనక పీట మీద కూర్చుని తడిమి కట్టలు కట్టేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, బజారంతా కాగితం జెండాలు వేలాడుతున్న రోజుల్లో, సాసే కొత్త కావలి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఎర్రకుక్క మళ్ళీ గుంపు కట్టింది, దాని జాడ నాకు చిక్కడం లేదు, అప్పుడు నువ్వెలా పట్టావు తోంతోన్, అని అడిగాడు. మావైపు పెద్ద వయసు మగవాళ్ళను తోంతోన్, ఆడవాళ్ళను తాంతీన్ అని పిలుస్తారు.

ఆయన కట్ట చుట్టూ నార బిగించి ముడి వేశాడు.

"నన్నడిగితే ఏం చెప్తాను. చూసింది నేను కాదు. ఇది."

గడ్డం నావైపు తిప్పాడు. కొత్త కావలి నన్ను చూశాడు, నా ముందు తోటకూరను చూశాడు, పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకుని నవ్వాడు.

"తాంతీన్ పట్టిందా కుక్కల్ని," అన్నాడు.

ఆయన నవ్వలేదు. రెండోసారి చెప్పలేదు. వచ్చినవాడు మర్యాదకు రెండు కట్టలు కొనుక్కుని బస్సు స్టేషనువైపు వెళ్ళిపోయాడు. మిగిలిన కూర మీద నీళ్ళు చల్లాను. వెనక పీట మీద ఆయన చేతులు ఇంకో కట్టకు నార వెతుక్కుంటున్నాయి. అందించాను.