పన్ను నొప్పి అన్నాను

తొంభైల నాటి మాట. కోరాపుట్ నుంచి సాలూరు వెళ్లే బస్సులో, పొట్టంగి ఇంకా రాకముందే నాకు కడుపునొప్పి మొదలయ్యింది. నెలనెలా వచ్చేదే. పక్కన నాన్న ఉన్నారు. పద్నాలుగేళ్ల పిల్లని, ఆ మాట నాన్నతో ఎలా చెప్తాను? "ఏటయ్యిందమ్మీ?" అంటే పన్ను నొప్పి అన్నాను. అన్నాక చెంప మీద చెయ్యి పెట్టుకోక తప్పలేదు. పొట్టంగిలో ఆయన కొన్న ఇడ్లీలూ వద్దనాల్సి వచ్చింది.

అవతలి వరసలో మా అమ్మ వయసున్న ఒకావిడ నన్నే చూస్తోంది. నా రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఉందని అప్పుడు తెలిసి, గబుక్కున తీసేసేను.

ఆవిడ సంచిలోంచి నొప్పి మాత్ర తీసి నాన్నని అడిగింది. "పిల్లకి ఉబ్బసం లాంటిదేటైనా ఉందేటి? ఈ మాత్రలు పడతాయా?"

"ఉబ్బసం లేదమ్మా. మాత్రలు పడతాయి."

"కాళీ కడుపున ఏస్తే లోపల మండిపోద్ది," అంటూ అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది. "ముందు ఇది తిను. దీన్ని నమలక్కర్లేదు."

సాలూరులో నాన్న బస్సు పైనుంచి సామాను దింపిస్తుంటే, ఆవిడ నా చెవి దగ్గరకి వంగింది.

"ఈ పన్ను నొప్పి నెలనెలా వస్తాదేటి అమ్మీ? మీ అమ్మకి సెప్పు. డాక్టరుకి సూపించమను. ప్రతిసారీ మాత్ర మింగేసి ఊరుకోకు."

నేను తల ఎత్తలేదు. చెంప మీద చెయ్యీ తియ్యలేదు. అందుకే ఆవిడ మొహం నాకు గుర్తులేదు. నీలం రబ్బరు చెప్పులే గుర్తున్నాయి.