రాతిపూలు కోసే మనిషి

పని జోరుగా సాగాలని రాయి కోసే మిషన్ మీది రక్షణ మూతను తీయించింది యజమానే. అయినా తనతో పనిచేసే బావమరిది చెయ్యి అందులో పడి తెగిన రోజున “తప్పు వాడిదే” అని రాసిన కాగితం మీద ఆ షెడ్డులో రాయి కోసే అతను సాక్షి సంతకం పెట్టాడు. మిషన్ విపరీతమైన ఒత్తిడితో చిమ్మే, ఇసుక కలిపిన వెంట్రుకంత నీటిధారతో రోజంతా చలువరాతిలో పూలు కోస్తాడు. ఇంట్లో మాత్రం కుళాయి తిప్పడు, ఆ బుస్సుమనే చప్పుడు వినలేడు. నిన్న భోజనానికొచ్చిన బావమరిది కుళాయి తిప్పగానే, అతను పరుగున వెళ్లి కట్టేశాడు.

“ఒంటిచేత్తో ఒంటిచెయ్యి కడుక్కోవడం ఎంత తంటానో నీకేం తెలుసు బావా? పోనీ, చెంబుతో నువ్వే పొయ్యి.”

పోశాడు. నీళ్లన్నీ నేలపాలయ్యాయి.

“నామీద కోపం లేదూ?” అన్నాడు తలెత్తకుండా.

“ముందు నీళ్లు సరిగా పొయ్యి.”

ఇంటికి రాతిపూలు చేయించుకునేవాళ్లు ఒకసారి వాటిని కోసే షెడ్డుకు వెళ్లి చూడండి. మూత లేకుండా కోస్తుంటే, ఆ పూలు మాకొద్దని చెప్పి రండి.