కిరాణా కొట్టులో ఆగిన తేరు

మా చిన్నతనంలో... ఒక ఆగస్టు సాయంత్రం. లక్డారంలో మా పునీతుడి పండుగ తేరు చర్చి వాకిలి దాటి కొంత దూరం వచ్చిందో లేదో, పెద్ద వాన అందుకుంది.

తేరంటే పూలు కట్టిన ట్రాక్టరే. దాని మీద పునీతుడి ప్లాస్టర్ స్వరూపం... నల్ల అంగీ, పీక్కుపోయిన చెంపలు, నవ్వే కళ్లు. ఎప్పుడో ఫ్రాన్సు దేశంలో ఒక చిన్న పల్లెకు విచారణ గురువుగా, అంటే అక్కడి చర్చి ఫాదరుగా ఉన్న మనిషి. పిల్లలం 'బక్క ఫాదర్' అనేవాళ్లం. చదువు ఒంటబట్టక గురువు కావడానికే నానా తంటాలు పడ్డారట. తర్వాత ఆయన దగ్గర మనసు విప్పుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారట. లెక్కల్లో తప్పిన నాకు ఆయనంటే అందుకే ప్రాణం.

వానకు కనుబొమల రంగు కరిగి చెంప మీదికి జారింది. మా నాయనమ్మ తన కొంగు ఆయన తల మీద కప్పి ఏడ్చేసింది. ట్రాక్టరు బురదలో దిగబడింది... ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

ఎదురుగా కిరాణా కొట్టు. కొట్టు నడిపే లక్ష్మమ్మ పెద్దమ్మ గడప దాటి వచ్చి, "గట్ల సూస్తరేంది? లోపటికి తీస్కరాండ్రి" అంది.

వాళ్లింట్లో శ్రావణమాసం పూజలు... తేరు వెంట వచ్చిన మా చర్చి ఫాదర్ మొహమాటపడ్డారు.

"వానల తడుస్తున్న పెద్దమనిషిని బయట నిలవెడ్తమా, ఫాదర్?" అంది పెద్దమ్మ.

బియ్యం బస్తాలు జరిపి, మధ్యలో స్వరూపాన్ని నిలబెట్టారు. పెద్దమ్మ కొత్త తువ్వాలుతో ఆయన మొహం మీది తడి అద్దింది. జపమాల అక్కడే చెప్పుకున్నాం. ఉప్పుకీ పప్పుకీ వచ్చినవాళ్లు, గడ్డపోతారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన మా నాన్నావాళ్లు, అందరూ దండం పెట్టుకున్నారు.

వాన తగ్గేదాకా ఫాదర్ పునీతుడి కథ చెప్పారు. ఉన్నదంతా బీదలకిచ్చి, తాను ఉడికించిన ఆలుగడ్డలతో సరిపెట్టుకునేవారని.

పెద్దమ్మకు అది నచ్చలేదు. "పండుగ నాడు గూడ గంతేనా?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికి వెళ్లింది. కాసేపటికి పూరీలు, పొగలు కక్కే ఆలుగడ్డ కూర... తేరు వెంట వచ్చిన అందరికీ! అంతకుముందు ఏడ్చిన మా నాయనమ్మ, వంటింట్లో పూరీలు వత్తుతూ పాట ఎత్తుకుంది.

తర్వాత అందరూ కలిసి ట్రాక్టరును నెట్టారు. తేరు ఊరంతా తిరిగింది. పెద్దమ్మ చెప్పులు విడిచి ముందు నడిచింది. మరుసటి ఏడు నుంచి ఆ కొట్టు ముందు ఆగకుండా తేరు కదిలింది లేదు.

ఇప్పుడక్కడ కొత్త వెంచర్లు, రంగుల లైట్లు, పెద్ద సౌండు బాక్సులు... అన్నీ బాగానే ఉన్నాయి. పక్కింట్లో ఎవరుంటారని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ.

మీది కాని పండుగలో మీరు కడుపారా తిని, మనసారా నవ్విన రోజు ఉందా... ఉంటే ఇక్కడ రాయండి, కూర్చుని చదువుకుంటాను.