ఎస్పొజిటో వాళ్ళు

రత్నకుమారికి ఒక జబ్బుంది. తెలుగువాళ్ళెవరు కనపడ్డా ముందు ఇంటిపేరు అడుగుతుంది. భర్త పోయాక చీరాల నుంచి వచ్చి, ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో, ముసలివాళ్ళుండే ఒక నర్సింగ్ హోమ్‌లో పనికి చేరింది. అది రెండువేల నాలుగు. చర్చిలో, బస్సులో, ఏషియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటున్నవాళ్ళని కూడా వదల్లేదు. తన ఇంటిపేరు పులిపాటి, ఆ పేరున్నవాళ్ళు మాత్రం ఒక్కరంటే ఒక్కరు తగల్లేదు. తగిలితే ఏం చేసేదట? అన్నయ్యా అనో పిన్నీ అనో నోరారా పిలిచేది. ఆ మాత్రానికే మొహం వాచిపోయి ఉంది మనిషి.

ఆ హోమ్‌లో జెన్నారో ఎస్పొజిటో అని ఒక ముసలాయన ఉండేవాడు. కుర్రతనంలో ఇటలీలోని నేపుల్స్ నుంచి వచ్చి ఇటుకబట్టీల్లో ఒళ్ళు హూనం చేసుకున్నాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. గుండె బాగా దెబ్బతింది, ఎంతోకాలం ఉండడని డాక్టరు చెప్పేశాడు. ఆదివారం అందరికీ చుట్టాలొస్తే, ఈయన గదిలో కుర్చీ మీద మాత్రం ఉతికిన తువ్వాళ్ళు పేర్చేవాళ్ళు, ఎలాగూ ఎవరూ కూర్చోరు కదా అని. చూసినప్పుడల్లా రత్నకుమారి, పోయేలోపు ఒక్క మనిషైనా ఈయన కోసం రాకూడదా అనుకునేది.

ఒకరోజు బస్సులోంచి ఒక బార్బరు షాపు బోర్డు కనపడింది. దాని మీద ఎస్పొజిటో అని ఉంది. ఇంకేముంది! ఇంటిపేరు ఒకటైతే ఎన్ని తరాల వెనకైనా అన్నదమ్ములే కదా. ఆగిందా, అడిగిందా? నేరుగా హోమ్‌కెళ్ళి, మీవాళ్ళు దొరికారు, ఆదివారం తీసుకొస్తానని చెప్పేసింది. ముసలాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించమన్నాడు.

శనివారం షాపుకెళ్ళి సంగతి చెబితే ఆ బార్బరు నవ్వలేదు, విసుక్కోలేదు. కత్తెర పక్కనపెట్టి నెమ్మదిగా చెప్పాడు. వెనకటికి నేపుల్స్‌లో అనాథ శరణాలయం గోడకి తిరిగే తొట్టి ఉండేదట. పెంచుకోలేని తల్లులు బిడ్డని అందులో పెట్టి, లోపలికి తిప్పి వెళ్ళిపోయేవాళ్ళట. అలాంటి బిడ్డలకి పెట్టిన పేరే ఎస్పొజిటో. బయట వదిలేసినవాడని అర్థం. తర్వాత ఆ పేరు పెట్టడం మాన్పించారుగానీ, అప్పటికే ఎందరికో అంటుకుపోయి పిల్లల పిల్లలకీ దిగింది. పేరు కలిసిందని ఎవరికెవరూ ఏమీ కారు. ఆదివారం తనకి కుదరదు, ఏమీ అనుకోవద్దన్నాడు.

ఇల్లే లేనివాళ్ళకి పెట్టిన ఇంటిపేరా! రత్నకుమారి సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు డ్యూటీకెళ్ళేసరికి ముసలాయన గడ్డం గీయించుకుని, తెల్లచొక్కా వేసుకుని, కుర్చీ మీద తువ్వాళ్ళు తీయించేసి మంచం మీద కూర్చున్నాడు. ఆమె తలొంచుకుని జరిగిందంతా చెప్పింది.

"నాకు తెలుసు. ఆ పేరు మోసినవాణ్ణి, దాని సంగతి నాకు తెలీదా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"మీవాళ్ళు అన్నావు. ఈ దేశమొచ్చాక నాతో ఆ మాటన్నవాళ్ళు లేరు. ఒక్క ఆదివారమైనా అందరిలా ఎదురుచూద్దామనిపించింది."

రత్నకుమారి మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికెళ్ళింది. యూనిఫాం విప్పి నీలంచీర కట్టుకుంది. తిరిగొచ్చి, స్టాఫ్ వెళ్ళే వెనకగుమ్మం వైపు పోకుండా, ముందుకొచ్చి బెల్లు కొట్టింది. తలుపు తీసిన రిసెప్షన్ పిల్ల తెల్లబోయి, ఏం మర్చిపోయావని అడిగింది.

"ఏమీ మర్చిపోలేదు. జెన్నారో గారిని చూడ్డానికొచ్చాను. మీవాళ్ళొచ్చారని చెప్పు," అంది రత్నకుమారి.